వైద్యం వద్దన్న మనిషి – చట్టం అడిగే ప్రశ్నలు



ఈ సంచికకు బ్యాంకు పరీక్షల గురించి రాయమని ట్రస్టువారు అడిగారు. అది వచ్చే సంచికలో తప్పక రాస్తాను. ఈసారికి ఒక చట్టం గురించి రాయనివ్వండి. ఇది ఏ ఇంటికైనా అవసరం పడగల చట్టం. అవసరం పడిన రోజున పుస్తకం తెరిచి చదువుకునే తీరిక ఎవరికీ ఉండదు.

బి.కాం. చదివే పిల్లలకు మర్కంటైల్ లా అని ఒక పేపరు ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల బిజినెస్ లా అంటున్నారు. అందులో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 12వ సెక్షను అందరూ బట్టీ పట్టేదే. ఒప్పందం చేసుకునే వేళకు ఆ ఒప్పందం ఏమిటో అర్థం చేసుకొని, దానివల్ల తనకు మేలా కీడా అని ఆలోచించుకోగలిగినవాడే స్వస్థచిత్తుడు అని దాని సారాంశం. నేనూ బట్టీ పట్టాను, మార్కులు తెచ్చుకున్నాను, మరచిపోయాను. "చేసుకునే వేళకు" అన్న మాట ఎంత విలువైనదో ఉద్యోగం చివరి రోజుల్లో గాని నాకు తెలిసిరాలేదు. ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలు చూడండి. పిచ్చాసుపత్రిలో ఉన్న రోగి కూడా మధ్యమధ్య మనసు కుదుటపడిన సమయాల్లో ఒప్పందం చేసుకోవచ్చు. మామూలుగా తెలివిగా ఉండే మనిషి జ్వరంతో సంధి పేలాపనలో ఉన్నప్పుడు గాని, ఒళ్లు తెలియని మత్తులో గాని చేసుకోలేడు. అంటే 150 ఏళ్ల కిందటి చట్టం సైతం "ఇతడు పిచ్చివాడా?" అని అడగలేదు. "ఈ పని సంగతి ఈ వేళ ఇతడికి తెలుస్తోందా?" అని అడిగింది.

వైద్యం విషయంలో మాత్రం మన దేశంలో ఆ ప్రశ్న చాలాకాలం ఎవరూ అడగలేదు. 1912 నాటి లూనసీ చట్టం పేరులోనే దాని చూపు తెలుస్తుంది. తరువాత 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బంధువు అర్జీ పెట్టి, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేస్తే, మనిషిని ఇష్టం లేకపోయినా 90 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచవచ్చు. ఆసుపత్రి బయటి సంగతి ఇంకా ఘోరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నేను బ్యాంకులోనే ఉన్నాను. గొలుసు వేసింది శత్రువులు కారు, నయమవుతుందని నమ్మి తీసుకువచ్చి అప్పగించింది ఇంటివాళ్లే అన్న మాట ఆనాడు మా కౌంటరులో ఎవరో అన్నారు.

ఇప్పుడు అమలులో ఉన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలు. ఇందులోని 95వ సెక్షను ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదు. కానీ ఈ చట్టానికి గుండెకాయ 4వ సెక్షను. అది నాకు పుస్తకం చదివి తెలియలేదు, మా అక్క వల్ల తెలిసింది.

మొదటి 'వద్దు'

మాది మహారాష్ట్రలోని షోలాపూరు. పూర్వభాగ్‌లో మూడు తరాలుగా ఉంటున్నాము. అక్క చిన్ననాటి నుంచి ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బీడీల లెక్క అప్పజెప్పే చోట కూడా తెలుగే. మరాఠీ అర్థమవుతుంది గాని నోరు తిరగదు. 2019 ఫిబ్రవరిలో బావ పోయాడు. జూలై నాటికి అక్క చేట పక్కన పెట్టేసింది. అన్నం మానేసింది. రాత్రుళ్లు లేచి కూర్చొని తనలో తాను మాట్లాడుకునేది. మేనల్లుడు, అతని కూతురు, నేను కలిసి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మనవరాలికి అప్పుడు 19 ఏళ్లు, బి.కాం. రెండో సంవత్సరం.

డాక్టరుగారు మరాఠీలో అడిగారు. అక్క గోడవైపు చూస్తూ కూర్చుంది. రెండోసారి అడిగారు. పలుకు లేదు. నేను ముందుకు జరిగి, "ఆమెకు ఏమీ తెలియడం లేదు సార్, అడ్మిట్ చేసుకోండి. సంతకం నేను పెడతాను" అని జేబులోంచి పెన్ను తీశాను. 35 ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసిన చెయ్యి. ఖాళీ గీత కనిపిస్తే సంతకం పెట్టేస్తుంది.

ఆయన పెన్ను పక్కన పెట్టమన్నారు. "ఇంట్లో ఏ భాష?" అని అడిగారు. తెలుగు అన్నాను. "అయితే తెలుగులో అడుగుదాము" అని మనవరాలిని పిలిచి, "నేను అన్నది అన్నట్టు చెప్పు. నీ మాట కలపకు, నా మాట తీసేయకు" అన్నారు.

ఇది ఆయన మంచితనం అనుకున్నాను. తరువాత చదివితే చట్టమే అలా ఉంది. రోగికి చెప్పవలసిన విషయం ఆ మనిషికి అర్థమయ్యే సులువైన భాషలో, కాకపోతే సైగల భాషలో, బొమ్మలు చూపి అయినా చెప్పాలి. అలా చెప్పకుండా 'ఈమెకు తెలియడం లేదు' అనడానికి వీలులేదు. సొంత రాష్ట్రం కాని చోట్ల తరాలుగా బతుకుతున్న మనబోటి కుటుంబాలకు ఈ వాక్యం ఒక్కటి చాలు. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, వేలూరులోనైనా బజారు భాష వచ్చిన మనిషికి బాధలో నోటికి వచ్చేది తల్లిభాషే.

ఆ పిల్ల మొదట తడబడింది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని డాక్టరు పెద్ద ప్రశ్నే అడిగితే, "నాయనమ్మా, బాధయితుందా?" అని చిన్నగా మార్చి అడిగింది. ఆ మాట నోటితో అనడానికి దానికి భయం. ఆయన గమనించి, "నేను అడిగింది ఇంతకంటే పొడుగు" అన్నారు. అప్పుడు ఉన్నది ఉన్నట్టు అడిగింది. అక్క మొదటిసారి తల తిప్పింది.

"వస్తది బిడ్డా. కాని చేసుకోను."

తరువాత ఆయన జబ్బు సంగతి, మాత్రల సంగతి, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంటే మంచిదన్న సంగతి చెప్పారు. చెప్పినది ఏమిటో తిరిగి చెప్పమన్నారు. అక్క చెప్పింది. ఉండకపోతే ఏమవుతుందని అడిగారు. "తినకపోతే ఎండిపోత. మా అత్త అట్లనే పోయింది" అంది. మరి ఏం చేద్దామంటావు? "గోలీలు మింగుత. ఈడ పండుకోను. ఇంట్ల మీ తాత ఫొటో కాడ దీపం ఎవరు పెట్టాలె? ఏడాది నిండలే."

4వ సెక్షను పరీక్ష ఇదే. చికిత్సకు, అడ్మిషనుకు సంబంధించిన విషయం అర్థం చేసుకోగలగాలి. ఒప్పుకుంటే ఏమవుతుందో, ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఊహించగలగాలి. తన నిర్ణయాన్ని మాటతో గాని, ముఖకవళికతో గాని, సైగతో గాని, మరే విధంగానైనా గాని తెలపగలగాలి. లా పేపరు రాసే పిల్లలకు ఒక చిన్న మాట: చట్టం అసలు పాఠంలో ఈ మూడింటి మధ్య ఉన్నది 'మరియు' కాదు, 'లేదా'. అక్షరాలా చదివితే మూడింటిలో ఒక్కటున్నా సామర్థ్యం ఉన్నట్టే. ఇది సరైన కూర్పేనా అని వైద్యుల్లోనూ న్యాయవాదుల్లోనూ వాదాలు జరుగుతున్నాయి. నాకైతే ఆ 'లేదా' కొంచెం అతిగానే తోస్తుంది. 'అవును', 'కాదు' అని తల ఊపినంత మాత్రాన సంగతి అర్థమైనట్టు కాదు.

మూడో అంశం బ్యాంకులో మాకు పాతదే. పక్షవాతం వచ్చి సంతకం పెట్టలేని ఖాతాదారుకు వేలిముద్ర, అదీ కాకపోతే కాలివేలి ముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి కావాలి. చెయ్యి ఆడనంత మాత్రాన సొమ్ము ఆయనది కాకుండా పోదు. ఇన్నేళ్లు ఖాతాదారుల విషయంలో పాటించిన పద్ధతి సొంత అక్క దగ్గర నాకు గుర్తు రాలేదు.

డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, నాలుగు రోజులకొకసారి రమ్మని, ఎలాంటి మార్పు కనిపిస్తే వెంటనే రావాలో మనవరాలి చేత కాగితం మీద రాయించి ఇంటికి పంపారు. నాకు కోపం వచ్చింది. దీపం కోసం ఆసుపత్రి వద్దంటుందా, ఇది తెలివి ఉన్న మాటేనా అని అడిగాను. ఇతరులకు ఆ నిర్ణయం తప్పుగా, తగనిదిగా తోచినంత మాత్రాన మనిషికి సామర్థ్యం లేదని తేల్చకూడదని చట్టం వేరే చెప్పింది. అదే 4వ సెక్షనులో మూడో క్లాజు. ఆయన క్లాజు చెప్పలేదు, "మీకు నచ్చని నిర్ణయం, అంతే" అన్నారు.

రెండో 'వద్దు'

పదకొండు రోజుల తరువాత పరిస్థితి మారింది. మాత్రలు దిండు కింద దొరికాయి. నీళ్లు కూడా మానేసింది. రెండు రోజులు చుక్క నీరు దిగలేదు. మళ్లీ ఆ ఆసుపత్రికే ఆటోలో తీసుకువెళ్లాము. ముందు సెలైను పెట్టారు. ప్రాణాపాయం తప్పించడానికి ఏ రిజిస్టర్డు డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చునని 94వ సెక్షను చెబుతుంది. దగ్గర మనిషి ఉంటే ఆ మనిషి సమ్మతి తీసుకుంటారు.

తరువాత అవే ప్రశ్నలు, అదే తెలుగు, అదే మనవరాలు. నీళ్లు తాగవా నాయనమ్మా?

"వద్దు. నేను పోయిన. పీనుగుకు నీళ్లెందుకు?"

తాగకపోతే ఏమవుతుందంటే అదే మాట. డాక్టరు చెప్పినది తిరిగి చెప్పమంటే అదే మాట. దీపం సంగతి మేమే గుర్తుచేస్తే, దీపం తనకే పెట్టారంది.

మొదటిసారీ వద్దంది, రెండోసారీ వద్దంది. మొదటి 'వద్దు' వెనుక ఒక లెక్క ఉంది. ఖర్చు ఇది, నష్టం ఇది, అయినా నాకు ఇది కావాలి అన్న లెక్క. రెండో 'వద్దు' వెనుక లెక్క చేసే మనిషే ఆ పూట లేదు. చట్టం ఈ తేడాను పట్టుకోమంటుంది. జబ్బు పేరు రెండుసార్లూ ఒకటే. కేస్ పేపరు కూడా ఒకటే.

ఇక్కడ 89వ సెక్షను పనిచేస్తుంది. దీన్ని సపోర్టెడ్ అడ్మిషన్ అంటారు, అంటే తోడ్పాటుతో చేర్చుకోవడం. దీనికి రోగి ప్రతినిధి అర్జీ పెట్టాలి. అక్క ముందుగా ఎవరినీ నియమించలేదు కాబట్టి వరుసలో తరువాతివాడైన బంధువు, మా మేనల్లుడు, అర్జీ రాశాడు. ఒక సైకియాట్రిస్టు, మరొక డాక్టరు గాని మానసిక ఆరోగ్య నిపుణుడు గాని, ఇద్దరూ విడివిడిగా పరీక్షించాలి. అదీ చేర్చుకునే రోజునో, అంతకు ముందు 7 రోజుల్లోనో. ఈ మధ్యనే తనకు తాను హాని చేసుకోవడానికి ప్రయత్నించడమో బెదిరించడమో, ఇతరుల మీద దౌర్జన్యమో, లేక ప్రమాదం వచ్చేంతగా తనను తాను చూసుకోలేకపోవడమో ఉందని ఇద్దరూ తేల్చాలి. అంతకంటే తక్కువ కట్టడితో పని జరిగే దారి లేదని కూడా తేల్చాలి. ఇంట్లో గొడవ చేస్తోందనో, పెళ్లి సంబంధం కాదంటోందనో, ఆస్తి పంచమంటున్నాడనో ఈ సెక్షను వాడడానికి వీలులేదు. పూర్వం ఒకసారి చికిత్స పొందాడన్నది ఒక్కటే కారణంగా కూడా కుదరదు.

గడువు 30 రోజులకు మించరాదు. చేర్చుకున్న సంగతి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. పురుషులైతే 7 రోజుల్లో, స్త్రీలు, మైనర్లు అయితే 3 రోజుల్లో. బోర్డులో జిల్లా జడ్జి స్థాయివారు అధ్యక్షులు. కలెక్టరు ప్రతినిధి ఒకరు, ఇద్దరు డాక్టర్లు, జబ్బును అనుభవించినవారు లేదా రోగులను చూసుకునేవారు లేదా స్వచ్ఛంద సంస్థల వారి నుంచి ఇద్దరు సభ్యులు. రోగి తానే 'నన్ను అన్యాయంగా ఉంచారు' అని అర్జీ పెట్టుకోవచ్చు, రుసుము లేదు. చట్టం వచ్చినా ఈ బోర్డులు ఏర్పడడానికి చాలా రాష్ట్రాల్లో ఏళ్లు పట్టిందన్నది కూడా చెప్పాలి. 30 రోజులు దాటి ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు పరీక్షించాలి, బోర్డు అనుమతించాలి.

నాకు అన్నిటికంటే నచ్చినది ఒక చిన్న నియమం. రోగి బదులు ప్రతినిధి ఇచ్చే సమ్మతి తాత్కాలికమే. ప్రతి 7 రోజులకు ఒకసారి రోగికి సామర్థ్యం తిరిగి వచ్చిందా అని చూసి రాసిపెట్టాలి. ఒకసారి 'తెలియదు' అని రాసి నెలంతా అదే మాట మీద ఉండకూడదు.

మొదటి వారం చివర అడిగితే అక్క నీళ్లు తాగుతానంది గాని ఎందుకో చెప్పలేకపోయింది. రెండో వారం చివర డాక్టరు అడగకముందే మనవరాలిని అడిగింది, దీపం పెడుతున్నారా అని. పరీక్షించి, ఇక 89వ సెక్షను అవసరం లేదు, ఇంటికి వెళ్లవచ్చు, కావాలంటే ఉండవచ్చు అన్నారు. మేము సంచి సర్దడం మొదలుపెట్టాము. "ఇంకో నాలుగు రోజులుంట" అంది. "నేను ఇంటికొస్తే పిల్ల నన్ను చూసుకుంట కూసుంటది. దానికి పరీక్షలున్నయ్." ఆ నాలుగు రోజులూ ఆమె సొంత ఇష్టంతో ఉన్న రోగి. అలాంటి రోగి వెళతానంటే ఆపకూడదు. పరిస్థితి 89వ సెక్షను దాకా వచ్చిందేమో చూడడానికి మాత్రం 24 గంటలు ఆపవచ్చు.

తల్లిదండ్రులు తరచు అడిగేవి

హాస్టల్లో ఉన్న కొడుకు తరఫున తండ్రి సంతకం చాలదా అని అడుగుతుంటారు. 18 నిండితే చాలదు. ఫీజు కట్టేది మనమైనా నిర్ణయం అతనిదే, పైన చెప్పిన పరీక్షలో సామర్థ్యం లేదని తేలితే తప్ప. 18 నిండని పిల్లలకు తల్లిదండ్రులో, చట్టబద్ధమైన సంరక్షకులో ప్రతినిధులు. పిల్లలను పెద్దల వార్డులో ఉంచకూడదు. ఉన్నన్నాళ్లు ప్రతినిధి తోడుండాలి.

ఆత్మహత్యా యత్నం చేసిన విద్యార్థి మీద కేసు పెడతారేమోనని ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచిన కుటుంబం నాకు తెలుసు. అలా చేయకండి. అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు అని 115వ సెక్షను. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదు.

జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివాడని అర్థం కాదు. అది తేల్చవలసింది కోర్టు. అందుచేత అడ్మిషను కాగితం చూపి, మా అమ్మ ఖాతాలోంచి డబ్బు ఇవ్వండి అని కౌంటరుకు వస్తే ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఈ చట్టం వైద్యం గురించి మాత్రమే, ఆస్తి గురించి కాదు.

రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఇక ప్రతినిధిని నియమించుకోవడం. బ్యాంకులో నామినీ అంటే ఖాతాదారు పోయిన తరువాత పని మొదలయ్యే మనిషి. ఈ చట్టంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్ మనిషి బతికి ఉండగా పనికి వచ్చేవారు. 18 నిండినవారు ఎవరైనా తెల్ల కాగితం మీద ఫలానావారు నా ప్రతినిధి అని రాసి సంతకమో వేలిముద్రో వేయవచ్చు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రతినిధి బంధువే కావాలన్న నియమం లేదు గాని మైనరు కాకూడదు.

అక్క ఇంటికి వచ్చిన పది రోజులకు తెల్ల కాగితం తెమ్మంది. వరుసకు తమ్ముణ్ణి, బ్యాంకు మనిషిని, నన్నే రాస్తుందనుకున్నాను. మనవరాలి పేరు రాయించింది. నేను ఏమీ అడగలేదు. తానే చెప్పింది: "ఆ దినం నువ్వు పెన్ను తీసినవ్ గద తమ్మీ. గోడ దిక్కు చూస్తున్న గని కనబడ్డది." కింద వేలిముద్ర వేసి, నాలుగు జిరాక్సులు తీయించుకు రమ్మని కాగితం నా చేతికే ఇచ్చింది.